పదవి దిగాకే నోరు పెగలాలా?

2016 నవంబరు 8 రాత్రి, చలామణిలో ఉన్న కరెన్సీ విలువలో 86 శాతం చెల్లకుండా పోయింది. అప్పుడు కేంద్రానికి ముఖ్య ఆర్థిక సలహాదారు అరవింద్ సుబ్రమణియన్. ఏటీఎంల ముందు జనం క్యూలు కడుతుంటే ఆయన ఏమంటారోనని చూశాం. పెద్దగా ఏమీ అనలేదు. 2017 జనవరి 31న పార్లమెంటు ముందుకొచ్చిన ఆర్థిక సర్వేలో, వృద్ధి పావు నుంచి అర శాతం దాకా తగ్గవచ్చని ఆచితూచి రాశారు. 2018లో పదవి వదిలారు. అదే ఏడాది చివర్లో వచ్చిన పుస్తకంలో మాత్రం నోట్ల రద్దు కర్కశమైన దెబ్బ అనేశారు. అంతకుముందు ఆరు త్రైమాసికాల్లో సగటున 8 శాతమున్న వృద్ధి, తర్వాతి ఏడింటిలో 6.8కి జారిందన్నారు. 2019లో మరో బాంబు: 2011-12 నుంచి 2016-17 దాకా జీడీపీ వృద్ధిని ఏటా సుమారు రెండున్నర శాతం ఎక్కువ చూపారట! ఆ లెక్క తప్పని ప్రధాని ఆర్థిక సలహా మండలి కొట్టిపారేసింది. అది వేరే సంగతి. ఆ ఏళ్లలో దాదాపు సగం కాలం ఆయన ఆర్థిక శాఖలోనే కూర్చున్నారు కదా?

ఆయన్ను ఆడిపోసుకోవడం తేలికే. కానీ సలహాదారు ప్రతిపక్ష నాయకుడు కాదు. మైకు ముందు సర్కారును దులిపేస్తే మర్నాటి నుంచి మంత్రి ఆయన మాట వినడు. అందుకే రోజూ మాట్లాడమని మేం అడగడం లేదు. ఇచ్చిన సలహా కాగితం మీద జనానికి కనపడాలంటున్నాం.

అలా కనపడిన సందర్భాలూ ఉన్నాయి. జీఎస్టీ రేట్లపై 2015 డిసెంబరులో ఆయన కమిటీ ఇచ్చిన నివేదిక బయటికొచ్చింది. 2016 సెప్టెంబరులో పప్పుధాన్యాల నివేదికా అంతే. 2017 ఖరీఫ్‌కు కందుల మద్దతు ధర క్వింటాలుకు 6,000 రూపాయలు ఉండాలని అందులో సిఫారసు చేశారు. కేంద్రం బోనస్‌తో కలిపి ఇచ్చింది 5,450. ఆరు వేలకు చేరేసరికి 2020 ఖరీఫ్ వచ్చింది. సలహా ఎంత, ఇచ్చింది ఎంత అని తాండూరు కంది రైతు అడగగలిగాడంటే ఆ నివేదిక బయట ఉండబట్టే. నోట్ల రద్దుకు ముందు సలహాదారును అసలు అడిగారా, అడిగితే ఏం చెప్పారు అన్నదానిపై అలాంటి కాగితమేదీ ప్రభుత్వం జనం ముందు పెట్టలేదు.