పుట్టింది సూర్యుడి పక్కన, దొరికింది ఎక్కడో

సౌరకుటుంబం వయసెంత అంటే 456.7 కోట్ల ఏళ్లని ఠక్కున చెప్పేస్తాం. ఆ అంకె సూర్యుడిని చూసి లెక్కగట్టింది కాదు, భూమిని తవ్వి తీసిందీ కాదు. కొన్ని ఆదిమ ఉల్కల్లో ఇరుక్కుపోయిన తెల్లటి ఖనిజ ముద్దల వయసది. కాల్షియం, అల్యూమినియం దండిగా ఉండే వీటిని శాస్త్రవేత్తలు 'సీఏఐ'లు అంటారు. వాటి వయసు గురించి అందరూ మాట్లాడతారు. అవి ఆ రాళ్లలోకి ఎలా చేరాయన్న ప్రశ్న మాత్రం పెద్దగా వినిపించదు. నన్నడిగితే అసలు చిక్కుముడి అక్కడే ఉంది.

1969 ఫిబ్రవరి 8న మెక్సికోలో అయెండే ఉల్క ముక్కలు ముక్కలై పడింది. రెండు టన్నుల దాకా దొరికింది. చంద్రశిలల కోసం పరికరాలు సిద్ధం చేసుకున్న ప్రయోగశాలలకు అంతకంటే ముందే సరుకు అందినట్టయింది. ఆ ముదురు రంగు రాయిని కోస్తే తెల్లటి ముద్దలు బయటపడ్డాయి, కొన్ని సెంటీమీటరుకు పైనే ఉన్నాయి. సూర్యుడిలాంటి కూర్పు ఉన్న వేడి వాయువు చల్లబడితే ఏ ఖనిజం ఎప్పుడు గట్టిపడుతుందో 1972లో లారెన్స్ గ్రాస్‌మన్ లెక్కగట్టారు. సుమారు 1,400 డిగ్రీల సెల్సియస్ దగ్గర మొదట కురువిందం (కెంపులూ నీలాలూ ఈ ఖనిజమే), తర్వాత హిబొనైట్, పెరోవ్‌స్కైట్, మెలిలైట్, స్పినెల్ రావాలి. సీఏఐల్లో ఉన్నవి దాదాపు ఇవే. అక్కడి ఒత్తిడి ఎంత తక్కువంటే, వాయువు ద్రవం కాకుండానే నేరుగా ఘనమైపోతుంది. అలా పుట్టిన ముద్దల్లో కొన్ని ఆ తర్వాత మళ్లీ కరిగి గడ్డకట్టాయి కూడా.

1976లో మరో ఆధారం దొరికింది. ఈ ముద్దల్లో మెగ్నీషియం-26 ఉండాల్సినదానికంటే ఎక్కువగా ఉంది. అది అల్యూమినియం-26 అనే రేడియోధార్మిక రకం క్షీణించగా మిగిలింది. దాని అర్ధాయువు 7 లక్షల ఏళ్లే కాబట్టి, అది పూర్తిగా అంతరించకముందే ఇవి గట్టిపడి ఉండాలి. చాలా సీఏఐల్లో దాని మోతాదు ఇంచుమించు ఒకటే, అంటే అవన్నీ కొద్ది వ్యవధిలోనే పుట్టాయి. అయితే కొన్ని హిబొనైట్ రేణువుల్లో దాని జాడే దాదాపు లేదు. అందుకే సీఏఐల పుట్టుకే సౌరకుటుంబానికి 'సున్నా గంట' అనే మాటను నేను కాస్త అనుమానంగానే చూస్తాను.

ఇక చోటు సంగతి. అంత వేడి సూర్యుడికి దగ్గర్లోనే ఉండాలి. సీఏఐల్లో ఆక్సిజన్-16 పాలు ఎక్కువ. జెనెసిస్ నౌక పట్టి తెచ్చిన సౌరపవనంలోనూ (సూర్యుడి నుంచి వీచే కణాల్లోనూ) అంతే, అంటే ఇవి సూర్యుడి లాంటి వాయువులోనే పుట్టాయి. కానీ ఇవి ఎక్కువగా దొరికేది గురుడికి అవతల పుట్టాయని భావించే కార్బనేషియస్ (కర్బనం ఉండే) ఉల్కల్లో. అయెండే కూడా ఆ రకమే. సూర్యుడికి దగ్గర్లో పుట్టిన సాధారణ కాండ్రైట్లనే రాతి ఉల్కల్లో చాలా అరుదు. 2006లో స్టార్‌డస్ట్ నౌక వైల్డ్-2 తోకచుక్క నుంచి తెచ్చిన ధూళిలో సైతం ఇలాంటి రేణువు బయటపడింది. మంచుముద్దలో కొలిమి సరుకన్నమాట! పైగా సెంటీమీటరు సైజు ముద్దలు వాయువు రాపిడికి వేగం తగ్గి, త్వరగానే సూర్యుడిలో పడిపోవాలి. ఇవి మాత్రం పదుల లక్షల ఏళ్లు ఆగి, వెనకొచ్చిన కాండ్రూల్స్‌తో (కరిగి గడ్డకట్టిన చిన్న రాతి గోళీలతో) కలిసి రాయిగా మారాయి.

సూర్యుడి దగ్గరి గాలులు వీటిని బయటికి విసిరాయని ఒక వాదం ఉంది. తొలినాళ్లలో సూర్యుడి చుట్టూ తిరుగుతూ బయటికి విస్తరించిన వాయువు, ధూళి పళ్లెమే మోసుకెళ్లిందని, ఎదుగుతున్న గురుడి వల్ల వాయువు ఒత్తిడి పెరిగి ఏర్పడిన గట్టు వెనక అవి ఆగిపోయాయని ఇంకో వాదం. నా మొగ్గు రెండోదాని వైపే. ముద్దలు బయటికి చేరడంతో పాటు అక్కడే నిలవడాన్నీ అది వివరిస్తుంది. లోపల రాళ్లు, బయట మంచు అంటూ పాఠ్యపుస్తకం గీసిన చక్కటి బొమ్మ మాత్రం ఇక పనికిరాదు.

2025 జులైలో హాప్స్-315 అనే శిశు నక్షత్రం వార్తల్లోకి వచ్చింది. 1,300 కాంతి సంవత్సరాల దూరంలోని ఆ నక్షత్రం చుట్టూ సిలికాన్ మోనాక్సైడ్ వాయువు, సిలికేట్ స్ఫటికాల జాడలను, అంటే వేడి వాయువు గట్టిపడి ఖనిజాలవుతున్న గుర్తులను, వెబ్ అంతరిక్ష టెలిస్కోపు, చిలీలోని అల్మా రేడియో టెలిస్కోపు పట్టుకున్నాయి. శీర్షికలు 'గ్రహాల పుట్టుక తొలి క్షణం' అని హోరెత్తించాయి. నాకు ఆసక్తి కలిగించింది వేరే సంగతి. ఆ జాడలు వచ్చింది మన గ్రహశకలాల పట్టీ ఉన్నంత దూరం నుంచి. మన సూర్యుడి చుట్టూ కూడా వేడి అంతవరకు పాకి ఉంటే, అయెండే ముద్దలు చేయాల్సిన ప్రయాణం చాలా తగ్గిపోతుంది. వైల్డ్-2లోని రేణువుకు మాత్రం ఆ దూరం చాలదు.