లెక్క వచ్చిన మనకెందుకీ యుగాంతం భయం?

2032 సెప్టెంబరు 7ని ఇప్పుడే ఎక్కడైనా రాసిపెట్టుకోండి. ఆ మంగళవారంనాడు మధ్య అమెరికా ప్రాచీన ప్రజలైన మాయన్ల లెక్కలో 7,200 రోజుల కతూన్ ఒకటి నిండుతుంది. లోకానికి ఏమీ కాదు. కానీ అంతకు ఏడాది ముందు నుంచే యుగాంతం వీడియోలు పుట్టుకొస్తాయనీ, మన తెలుగు గ్రూపులకు చేరేసరికి వాటికి ‘బ్రహ్మంగారు ఆనాడే చెప్పారు’ అన్న తోక తగులుతుందనీ ధైర్యంగా పందెం కాయవచ్చు. 2012 డిసెంబరు 21కి అదే జరిగింది. 2020 జూన్ 21కి మళ్ళీ జరిగింది.

మిగతా ప్రపంచం బెంబేలెత్తితే అర్థం చేసుకోవచ్చు. పంచాంగం చూసే ఇళ్ళలో పుట్టి, సంకల్పంలో కాలాన్ని లెక్కగట్టి చెప్పుకునే మనం బెంబేలెత్తటం మాత్రం ఒప్పుకోవలసిన సంగతి కాదు. ఎందుకంటే మాయన్లు చేసిన పనీ మన సిద్ధాంతులు చేసిన పనీ ఒకటే: ఒక మూలదినం నుంచి ఒక్కో రోజూ లెక్కపెట్టుకుంటూ రావటం.

వాళ్ళకి రెండు చక్రాలుండేవి. ఒకటి 13 అంకెలూ 20 దినాల పేర్లూ కలిసి తిరిగే 260 రోజుల చక్రం. రెండోది 20 రోజుల నెలలు పద్దెనిమిదీ, చివర అయిదు రోజులూ కలిపిన 365 రోజులది. రెండూ మళ్ళీ మొదటి జోడీకి రావటానికి 18,980 రోజులు, అంటే 52 ఏళ్ళు పడుతుంది. ప్రభవ అంటే 1927లో వచ్చినదా 1987లో వచ్చినదా అని మనకెలా తెలియదో, వాళ్ళకీ 52 ఏళ్ళ చక్రంతో అదే ఇబ్బంది. మనం పక్కన శకమో కలిసంవత్సరమో చేర్చినట్టే వాళ్ళు లాంగ్ కౌంట్ అని ఇప్పుడు పిలిచే దీర్ఘగణన చేర్చారు. అందులో రోజు పేరు కిన్. 20 కిన్‌లు ఒక వినాల్, 18 వినాల్‌లు ఒక తూన్, అంటే 360 రోజులు. 20 తూన్‌లు కతూన్, 20 కతూన్‌లు బక్తూన్. బక్తూన్‌కి 1,44,000 రోజులు. పదమూడు బక్తూన్‌లు 18,72,000 రోజులు, మన లెక్కలో 5,125 ఏళ్ళ పైచిలుకు. 2012లో నిండినది ఇదే.

మూలదినం క్రీ.పూ. 3114 ఆగస్టు 11 (గ్రెగోరియన్ క్యాలెండర్‌లో). ఖగోళశాస్త్రజ్ఞులు రోజులకు వరసగా ఇచ్చే జూలియన్ దినసంఖ్యలో అది 5,84,283. ఈ అంకె గాలిలోంచి రాలేదు. 1905లో గుడ్‌మన్ అనే అమెరికన్ పత్రికా సంపాదకుడు కట్టిన లెక్కను, తర్వాత మార్టినెస్, థాంప్సన్ సవరించగా వచ్చింది. గ్వాతెమాలా కొండ ప్రాంతాల్లో కిచే మాయాలు 260 రోజుల చక్రాన్ని ఈనాటికీ తెగకుండా లెక్కిస్తున్నారు. ఈ అంకెతో అది సరిగ్గా కలుస్తుంది. మాయన్ నగరం తికాల్‌లో ఒక గుడి ద్వారం మీది చెక్క దూలానికి చేసిన రేడియోకార్బన్ పరీక్షలు కూడా దీన్నే బలపరిచాయి. 5,84,285 సరైనదని వాదించే పండితులున్నారు. డిసెంబరు 21కి బదులు 23 అని కొందరు రాయటానికి కారణం ఈ రెండు రోజుల తేడా.

లెక్క చేసి చూద్దాం. 1947 ఆగస్టు 15 జూలియన్ దినసంఖ్య 24,32,413. అందులోంచి 5,84,283 తీసేస్తే 18,48,130. దాన్ని 1,44,000తో భాగిస్తే 12 వచ్చి 1,20,130 మిగులుతుంది. ఆ శేషాన్ని 7,200తో భాగిస్తే 16, శేషం 4,930. 360తో భాగిస్తే 13, శేషం 250. 20తో భాగిస్తే 12, శేషం 10. స్వాతంత్ర్య దినం మాయన్ లెక్కలో 12.16.13.12.10 అన్నమాట. తెలంగాణ ఏర్పడిన 2014 జూన్ 2కి ఇలాగే చేస్తే 13.0.1.8.8 వస్తుంది. యుగాంతం అయిపోయిందన్న రోజు తర్వాత 528వ రోజు అది. లెక్క ఆగలేదు, పద్నాలుగో బక్తూన్ నడుస్తోంది, 2407 మార్చి వరకు నడుస్తుంది.

ఇక మన వైపు. కలియుగారంభం క్రీ.పూ. 3102 ఫిబ్రవరి 18 (జూలియన్ క్యాలెండర్‌లో), శుక్రవారం. ఆ సూర్యోదయం నుంచి గడిచిన రోజుల మొత్తమే కలి అహర్గణం. దాని మూలదినం జూలియన్ సంఖ్య 5,88,466. మాయన్ మూలదినానికీ దీనికీ తేడా 4,183 రోజులు. కాబట్టి పైన వచ్చిన 18,48,130లోంచి 4,183 తీసేస్తే 18,43,947 వస్తుంది, అదే 1947 ఆగస్టు 15 నాటి అహర్గణం. సరిచూసుకోవటానికి సిద్ధాంతులు వాడే పాత ఉపాయం ఒకటుంది: ఏడుతో భాగించి, శేషాన్ని శుక్రవారం నుంచి లెక్కపెట్టటం. 18,43,947ని ఏడుతో భాగిస్తే శేషం సున్నా, అంటే శుక్రవారం. ఆ రోజు శుక్రవారమే. 2012 డిసెంబరు 21కి అహర్గణం 18,67,817, మళ్ళీ శేషం సున్నా, మళ్ళీ శుక్రవారం.

రెండు మూలదినాలూ పన్నెండేళ్ళ లోపు తేడాతో ఉండటం చూసి, మాయన్లు మయాసురుడి సంతతి అనీ, సూర్యసిద్ధాంతం విన్నది వాళ్ళేననీ చెప్పేవాళ్ళు మన సభల్లోనూ ఉన్నారు. వేదికనిచ్చే ముందు ఒక్క ప్రశ్న అడగాలి. కలి మూలదినం గ్రహాలన్నీ సగటు లెక్కలో మేషాది దగ్గర కలిసేలా మన జ్యోతిష్కులు వెనక్కి లెక్కించి పెట్టుకున్నది. 3,600 కలి సంవత్సరాలు గడిచేనాటికి తన వయసు 23 అని ఆర్యభటుడు చెప్పుకున్నది ఆ చట్రంలోనే. మాయన్ మూలదినానికి ఆ గ్రహకూటమితో సంబంధమే లేదు, వాళ్ళ యూనిట్లు ఇరవైల మీద నడుస్తాయి, మన మహాయుగం 43,20,000 సౌర సంవత్సరాల మీద నడుస్తుంది. ఒకరి దగ్గర ఒకరు నేర్చుకుంటే యూనిట్లు కలవాలి కదా?

పదమూడో బక్తూన్ చివర ఏం జరుగుతుందని మాయన్లు రాశారు? దాదాపు ఏమీ రాయలేదు. మెక్సికోలోని తోర్తుగెరోలో ఆరో నంబరు శిలాఫలకం మీద, క్రీ.శ. 669లో పూర్తయిన ఒక కట్టడం సందర్భంగా, ముందెప్పుడో 13 బక్తూన్‌లు నిండుతాయనీ, బోలోన్ యోక్తే అనే దేవుడి రాక ఉంటుందనీ చెక్కారు. అక్కడి అక్షరాలు కొన్ని చెడిపోయాయి. ప్రళయం మాట చదవగలిగిన భాగంలో లేదు. రెండోది గ్వాతెమాలాలోని లా కొరోనా మెట్ల రాయి, 2012లోనే బయటపడింది. కలక్ముల్ రాజు యుక్నోమ్ యిచాక్ కాక్ 695లో తికాల్ చేతిలో ఓడిపోయాడు. మరుసటేడు మిత్రరాజ్యమైన లా కొరోనాకి వచ్చినప్పుడు చెక్కించిన రాయి అది. తాను పదమూడో కతూన్ జరిపిన ప్రభువునని చెప్పుకుంటూ, ఆ పదమూడుని పదమూడో బక్తూన్‌తో ముడిపెట్టాడు. ఓడిన రాజు తన పేరు వేలయేళ్ళు నిలుస్తుందని చాటుకోవటం మనకు కొత్త కాదు, మన శాసనాల్లో ‘ఆచంద్రతారార్కం’ అన్నదీ అందుకే.

మరో మాయన్ నగరం పాలెంకెలో పకాల్ రాజు శాసనం ఇంకా ముందుకు వెళ్ళింది. ఆయన పట్టాభిషేకం 52 ఏళ్ళ చక్రంలో ఎనభయ్యోసారి తిరిగొచ్చే రోజును లెక్కగట్టింది. అది క్రీ.శ. 4772 అక్టోబరు. ఇరవై బక్తూన్‌లు నిండి పైమెట్టు పడే రోజుకి అది కొద్ది రోజుల దూరంలో ఉందన్న సంబరం కూడా అందులో ఉంది. 2012లో లోకం ముగుస్తుందని నమ్మినవాళ్ళు 4772లో వార్షికోత్సవం ఎందుకు పెట్టుకుంటారు? ఇంకో మాయన్ నగరం కోబాలో ఒక శిల మీద బక్తూన్ పైన మరో పంతొమ్మిది స్థానాలు రాశారు, ఒక్కోటీ కింది దానికి ఇరవై రెట్లు. మన కల్పాలు, మహాకల్పాల పక్కన కూడా ఆ అంకె సిగ్గుపడదు.

మరి భయం ఎక్కణ్ణుంచి వచ్చింది? ముక్కలు ముక్కలుగా అతికించారు. మిగిలిన కొద్ది మాయన్ గ్రంథాల్లో ఒకటైన డ్రెస్డెన్ గ్రంథం చివరి పుటలో ఆకాశ మొసలి నోట్లోంచి నీళ్ళు ధారగా పడే బొమ్మ ఉంది. దాన్ని లోకాన్ని ముంచే వరదగా కొందరు పండితులు చదివారు. ఆ బొమ్మ పక్కన 2012 తేదీ లేదు. 1966లో ప్రసిద్ధ పురావస్తు పండితుడు మైకేల్ కో తన పుస్తకంలో పదమూడో బక్తూన్ చివర సర్వనాశనం ఉంటుందన్న ఊహను ప్రస్తావించాడు. అది పాఠ్యపుస్తకంగా చదివించే పుస్తకం కావటంతో ఊహ కాస్తా జ్ఞానమై కూర్చుంది. 1987 ఆగస్టులో హోసే ఆర్గ్వెల్లెస్ అనే అమెరికన్ రచయిత ప్రపంచమంతటా సామూహిక ధ్యానం పెట్టించి, దాన్ని 2012కి దారితీసే మెట్టుగా చెప్పాడు. 2003లో భూమిని ఢీకొంటుందన్న నిబిరు అనే ఊహా గ్రహం రాకపోతే, దాన్నీ తెచ్చి 2012కే తగిలించారు. తేదీ తప్పితే భవిష్యవాణి చచ్చిపోదు, ఖాళీగా ఉన్న మరో తేదీ వెతుక్కుంటుంది.

వీటిలో చదువుకున్నవాళ్ళను ఎక్కువగా పడగొట్టింది పాలపుంత కేంద్రంతో సూర్యుడు వరసలోకి వస్తాడన్న వాదం. అయనాంశ తెలిసిన మనవాళ్ళు దీన్ని నిమిషంలో తేల్చవచ్చు. అయనచలనం, అంటే నక్షత్రాల మధ్య అయనాంత బిందువు మెల్లగా జరగటం, ఒక డిగ్రీకి దాదాపు 72 ఏళ్ళు. సూర్యబింబం వెడల్పు అర డిగ్రీ. కాబట్టి డిసెంబరు అయనాంతపు సూర్యుడు పాలపుంత మధ్యరేఖను తాకుతూ దాటటానికే సుమారు 36 ఏళ్ళు పడుతుంది. బింబం సరిగ్గా మధ్యకు వచ్చిన ఏడాది 1998 అని బెల్జియం గణకుడు మేయస్ లెక్కించాడు. పైగా అది మధ్యరేఖ మాత్రమే. కేంద్రం ఆరు డిగ్రీలకు పైగా దూరంగా ఉండిపోతుంది. ఏటా డిసెంబరులో ఇంతే.

2020 నాటి తప్పు ఇంకా చవకబారుది. 1752లో ఇంగ్లండు, దాని వలసలు గ్రెగోరియన్ క్యాలెండర్‌కి మారుతూ సెప్టెంబరు 2 తర్వాతి రోజుని సెప్టెంబరు 14గా పిలిచాయి. పదకొండు తేదీలు ఒకే ఒక్కసారి పోయాయి. ఆ పదకొండు ప్రతి ఏడూ పోయాయనుకుని ఎవరో 268 ఏళ్ళను పదకొండుతో గుణించారు. 2,948 రోజులు వచ్చాయి, అంటే ఎనిమిదేళ్ళు. కాబట్టి అసలు 2012 ఇప్పుడే వచ్చిందన్నారు. అదే రోజు సూర్యగ్రహణం, బయట కోవిడ్. ఇంకేం కావాలి? మాయన్లు లీపు సంవత్సరాలు లెక్కపెట్టలేదు కాబట్టి యుగాంతం ఎప్పుడో అయిపోయిందనే జోకుది కూడా ఇదే తప్పు. రోజుల్ని ఒక్కొక్కటిగా లెక్కపెట్టేవాడికి లీపు ఏమిటి, గ్రెగోరియన్ ఏమిటి? తేదీ పేరు మారినా రోజు పోదు.

మన ఇంటి సంగతీ చెప్పుకోవాలి. 1962 ఫిబ్రవరి మొదటి వారంలో మకర రాశిలో అష్టగ్రహ కూటమి వచ్చింది. రవి నుంచి శని వరకు ఏడూ, కేతువూ, పైన సంపూర్ణ సూర్యగ్రహణం. యజ్ఞాలతో, అఖండ భజనలతో దేశం హోరెత్తింది. గ్రహస్థితి కచ్చితంగా గుణించినవాళ్ళే ఫలితం దగ్గర పట్టు తప్పారు. 2020లో కోరంకి అనే జబ్బు గురించి కాలజ్ఞానంలో ఉందంటూ పద్యం తిరిగింది. ఏ ప్రతిలో, ఏ ముద్రణలో ఉందని అడిగినవాళ్ళు తక్కువ. 2012లో తెలుగు వార్తా ఛానెళ్ళు మాయన్లనూ బ్రహ్మంగారినీ కలియుగాంతాన్నీ ఒకే కార్యక్రమంలో కలిపి వడ్డించాయి. వీటిలో మూడోదైతే మరీ విడ్డూరం. కలియుగానికి 4,32,000 ఏళ్ళు, 2012లో గడిచినవి 5,113. మనం ఇంట్లో ఏ పూజ చేసుకున్నా సంకల్పంలో ‘కలియుగే ప్రథమపాదే’ అంటాం. అమెరికాలో పురోహితులు జంబూద్వీపం బదులు క్రౌంచద్వీపం అంటారేమో గానీ ప్రథమపాదాన్ని మార్చరు. నోటితో మొదటి పాదమని చెప్పి, వాట్సాప్‌లో ఆఖరి పాదమని పంపుతున్నాం.

ఈ గోలలో నష్టపోయింది ఎవరి క్యాలెండరో వాళ్ళే. 2012 డిసెంబరు 21 వేడుకలకు తికాల్‌కి వచ్చిన జనం ఎక్కి తొక్కటంతో రెండో నంబరు గుడి మెట్లు దెబ్బతిన్నాయని అక్కడి అధికారులు ప్రకటించారు. తమ పేరు మీద ప్రళయాన్ని అమ్ముకుంటున్నారని గ్వాతెమాలా మాయా సంఘాలు ముందే నిరసించాయి. 1562లో మెక్సికోలోని మానీ ఊళ్ళో దియేగో దె లాందా అనే క్రైస్తవ సన్యాసి వాళ్ళ గ్రంథాలను తగలబెట్టించాక మిగిలినవి నాలుగు. ఆ కొద్దిపాటి అక్షరానికి మన కల్పనలు అంటగట్టటం మర్యాద కాదు.

మన తెలుగు సంఘాలకు నా సూచన: ఉగాదికి పంచాంగ శ్రవణం తర్వాత పది నిమిషాలు పిల్లలకివ్వండి. తమ పుట్టినరోజుకి అహర్గణం, దీర్ఘగణన రెండూ వాళ్ళే కట్టాలి. రెండింటినీ రోజుల్లోకి మార్చి చూస్తే 4,183 తేడా వస్తే లెక్క కుదిరినట్టు, ఏడుతో భాగిస్తే వారం కూడా రావాలి. ఒక్క రోజు తేడా వస్తే ముందుగా జూలియన్ దినసంఖ్య చూడండి. అది మధ్యాహ్నం నుంచి మొదలవుతుంది కాబట్టి కంప్యూటర్లు అర్ధరాత్రికి చివర .5 చూపిస్తాయి. దాన్ని కిందికి కాదు, పైఅంకెకు సవరించాలి. తెల్లవారుజామున పుట్టిన పిల్లలకు పంచాంగం ముందురోజు వారమే చెబుతుంది, అది తప్పు కాదు. పుట్టిన ఊరి తేదీనే తీసుకోవాలి, హైదరాబాదులో తాతగారికి ఫోనొచ్చిన తేదీని కాదు. తప్పు సరిగ్గా 40 లేక దాని గుణిజం వస్తే మాత్రం ఎక్కడో వినాల్ దగ్గర పద్దెనిమిదికి బదులు ఇరవై వేసుంటారు.