పాట కోసం జీపీఎస్‌ని చంపుకోకు బావా

ఏప్రిల్ 15న వేట నిషేధం మొదలైందంటే గోపాలపూర్‌లో బోట్లు ఒడ్డెక్కుతాయి, మనుషులు ఖాళీ అవుతారు, ఫోన్లు నిండుతాయి. ఈసారి అన్నిట్లోనూ ఒకే మెసేజ్: “మీ బోటు స్టీరియోని నావిగేషన్ డిస్‌ప్లేకి మీరే కలపండి. అయిదే పాయింట్లు. ఎలక్ట్రీషియన్‌కి రూపాయి ఇవ్వక్కర్లేదు.” బరంపురంలో ఇద్దరు బావలు, ఆర్యపల్లి మేనమామ, రంభలో టూరిస్టు బోటు నడిపే స్నేహితుడు, అందరూ పంపారు. స్నేహితుడైతే రెండుసార్లు. బోట్లలో వైర్లు లాగే పని చేసేవాణ్ని కదా, కడుపు మండి రాస్తున్నాను.

మొదటి పాయింటు, ఏ స్టీరియో అయినా పనికొస్తుందట. కారులోంచి పీకిన స్టీరియోకి ఎన్‌ఎంఈఏ 2000 సాకెట్, అదే బోటులో పరికరాలన్నిటినీ కలిపే నెట్‌వర్క్ కేబుల్ తగిలించే చోటు, ఎక్కడి నుంచి వస్తుంది? మెరైన్ స్టీరియోల్లోనే అన్నిటికీ ఉండదు. ఫ్యూజన్ కంపెనీ మోడళ్లలో ఆర్‌ఏ70కి లేదు, ఆర్‌ఏ70ఎన్‌కి ఉంది. ఆ చివరి అక్షరానికే మీరు డబ్బు కట్టేది. ఇక చేతి జీపీఎస్ ఒక్కటే ఉన్న ఫైబర్ బోటు వాళ్లు ఈ మెసేజ్ ఎందుకు దాచుకుంటున్నారో నాకర్థం కాదు.

రెండోది, డిస్‌ప్లే, స్టీరియో ఒకే కంపెనీవి కావాలట. అక్కర్లేదు. కొనేముందు రెండూ మాట్లాడుకుంటాయో లేదో కంపెనీ జాబితాలో చూసుకుంటే చాలు.

మూడోది నవ్వు తెప్పించింది. పాట కూడా ఆ కేబుల్లోనే వస్తుంది కాబట్టి స్పీకర్లకి వేరే వైర్లు వద్దట! ఆ కేబుల్ వేగం సెకనుకి 250 కిలోబిట్లు. లోతు, వేగం, దిక్కు అన్నీ అందులోనే పోవాలి. స్టీరియో తరఫున పోయేది పాట పేరు, వాల్యూమ్ ఎంత, తర్వాతి పాట వెయ్యి అనే ఆజ్ఞలు, అంతే. స్పీకర్ వైర్లు లాగకపోతే డిస్‌ప్లే మీద పాట పేరు చదువుకుంటూ మీరే పాడుకోవాలి.

ఇక అయిదోది. నాలుగోదాని సంగతి తర్వాత, ముందు దీన్ని చూడండి: “స్టీరియోకి వేరే కరెంటు వద్దు, నెట్‌వర్క్ కేబుల్లో ఎర్ర వైరు నుంచే తీసుకోండి. ఫ్యూజు కొడితే పెద్దది వెయ్యండి.”

ఇది రాసినవాడు సముద్రం మొహం చూసి ఉండడు. నెట్‌వర్క్‌కి వచ్చే కరెంటు కేబుల్లో సాధారణంగా 3 ఆంపియర్ల ఫ్యూజు ఉంటుంది. స్టీరియోకి 10 నుంచి 15 ఆంపియర్ల ఫ్యూజు కావాలి. ఒడ్డున సౌండు తగ్గించి పెట్టినంతసేపూ పాట బాగానే వస్తుంది, మీరూ మీసం మెలేస్తారు. సముద్రంలోకి వెళ్లాక ఎవడో బేస్ పెంచుతాడు, వోల్టేజి పడిపోతుంది. డిస్‌ప్లేకి కరెంటు వేరేగా వస్తుంది కాబట్టి అది వెలుగుతూనే ఉంటుంది. నెట్‌వర్క్ కరెంటు మీద బతికే జీపీఎస్ యాంటెన్నా, లోతు చెప్పే సెన్సర్ మాత్రం పోతాయి. అంకెలుండాల్సిన చోట గీతలు.

రుషికుల్య నది ముఖద్వారం దగ్గర నవంబర్ 1 నుంచి మే 31 దాకా తీరం నుంచి 20 కిలోమీటర్ల లోపల ట్రాలర్లు వేటాడకూడదు, తాబేళ్ల కోసం. ఆ హద్దు నీళ్ల మీద గీసి ఉండదు, డిస్‌ప్లేలోనే కనపడుతుంది. అర్ధరాత్రి అది గీతలు చూపిస్తుంటే సరంగు ఏం చెయ్యాలి? పట్టుకోవడానికి వచ్చినవాళ్లకి పాట వినిపించాలా?

పెద్ద ఫ్యూజు సలహా ఇంకా ఘోరం. ఫ్యూజు ఉన్నది వైరుని కాపాడటానికి. ఆ సన్న కేబుల్ మూడు నాలుగు ఆంపియర్లకు చేసింది. 15 వేస్తే ఫ్యూజు కొట్టదు నిజమే, బదులుగా వైరు కాలుతుంది. ఒక బోటులో ఇలా మెత్తబడి అతుక్కుపోయిన కేబుల్ని నా చేత్తో పీకాను. దానికి మూరెడు దూరంలో పెట్రోలు క్యాను. ఫైబర్ ఎలా మండుతుందో ఒడ్డున ఎవర్నడిగినా చెబుతారు. స్టీరియో కరెంటు బ్యాటరీ వైపు నుంచి, దాని ఫ్యూజుతో, దాని వైరుతో రావాలి. నెట్‌వర్క్ కేబుల్ నుంచి దానికి కావాల్సింది డేటా ఒక్కటే.

ఇప్పుడు నాలుగోది: నెట్‌వర్క్ కేబుల్ చివర ఉండే టెర్మినేటర్‌ని, అంటే సిగ్నల్ వెనక్కి కొట్టుకురాకుండా ఆపే రెసిస్టర్‌ని, తీసేసి ఆ చోట స్టీరియో తగిలించమంటాడు. అదేదో దుమ్ము పడకుండా పెట్టిన మూత అనుకున్నాడు. రెండు చివర్లా ఒక్కొక్కటి 120 ఓమ్‌లది ఉండాలి. చిన్న బోటులో ఒకటి తీసినా కొన్నాళ్లు నడిచిపోతుంది, అదే అసలు ప్రమాదం. తర్వాత ఎప్పుడో లోతు వచ్చీపోతూ ఉంటే సెన్సర్ పాడైందని కొత్తది కొంటారు. మెసేజ్‌తో వచ్చిన ఫొటోలో స్పీకరు దిక్సూచి పక్కనే బిగించి ఉంది. స్పీకర్లో అయస్కాంతం ఉంటుందని కూడా నేనే చెప్పాలా?

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. ఎలక్ట్రీషియన్ అక్కర్లేదన్న మాట, డేటా కేబుల్ వరకూ, నిజమే. నెట్‌వర్క్ కరెంటు ఆపి, మధ్యలో ఒక టీ ఆకారపు జాయింటు వేసి, 6 మీటర్లకి మించని కేబుల్‌తో స్టీరియోకి తగిలించడమే. పది నిమిషాల పని. దీనికి నేను డబ్బు తీసుకున్నాను, కాదనను. తడి చేతులతో స్టీరియో దగ్గరకి పరిగెత్తకుండా చుక్కాని దగ్గరే సౌండు తగ్గించుకోవడం కూడా మంచిదే. వీహెచ్ఎఫ్ రేడియోలో ఎవరైనా పిలిస్తే వినపడుతుంది.

తగిలించాక, కరెంటు ఆపి ఉన్నప్పుడే, నెట్‌వర్క్ కేబుల్లో తెల్ల వైరుకీ నీలం వైరుకీ మధ్య మల్టీమీటరు పెట్టండి. 60 ఓమ్‌ల దగ్గర చూపించాలి. 120 అంటే ఒక టెర్మినేటర్ లేదు, 40 అంటే ఒకటి ఎక్కువుంది. 60 రాకపోతే నాకు ఫోన్ చెయ్యండి. వస్తే చెయ్యకండి, ఆ మెసేజ్ కూడా పంపకండి.