గాలొస్తే లేచేదెవరు?

సోమశిల నీళ్ళు ఏ కాలువకు ముందు వదలాలి, రొయ్య ధర ఈ వారం ఎందుకు పడిపోయింది అనే రెండు ప్రశ్నలకు జవాబు దొరక్కపోయినా చర్చకు మాత్రం ఏనాడూ లోటు రానివ్వని నెల్లూరు జిల్లాలో, ఇప్పుడు ఆ రెంటినీ పక్కకు జరిపి మూడో ప్రశ్న పీట వేసుకుని కూర్చున్నది. టెక్సాసులో ఉద్యోగం చేస్తున్న కోవూరు అల్లుడుగారు ఒకరు, బండి వెనక తగిలించుకుని ఊరూరా లాక్కుపోయే చక్రాల ఇల్లు, అనగా ట్రావెల్ ట్రైలర్, కొనాలని సంకల్పించారు. ఆ ట్రైలరు పక్కగోడకు చుట్టి ఉంచే గుడ్డ పందిరిని అక్కడ ఆనింగ్ అంటారు. స్విచ్చు నొక్కితే తెరుచుకునే ఆనింగు తీసుకోవాలా, చేత్తో లాగి తెరిచేది తీసుకోవాలా అని ఆయన వీడియో కాల్‌లో మామగారిని మాటవరసకు అడిగారు. మామగారు దాన్ని మాటవరసగా తీసుకోలేదు. సాయంత్రానికల్లా వారి వరండాలో పన్నెండు కుర్చీలు పడ్డాయి. కూర్చున్నవారిలో ఎవరూ ట్రైలరును గానీ, ఆనింగును గానీ కళ్ళారా చూసినవారు కారు గనుక, అనుభవమనే అడ్డంకి లేకుండా అభిప్రాయాలు ధారాళంగా వెలువడ్డాయి. వాటన్నిటినీ క్రోడీకరించి, సాంకేతిక అంశాలను పరిశీలించి తీర్పు చెప్పవలసిన బాధ్యత, ఎవరూ అప్పగించకుండానే, ఈ వ్యాసకర్త మీద పడింది.

ముందుగా వస్తువు సంగతి. చేతి ఆనింగు అంటే పదహారడుగులో ఇరవై అడుగులో పొడవున్న గొట్టం, దానికి చుట్టుకుని ఉండే వినైల్ లేదా అక్రిలిక్ గుడ్డ, గొట్టం లోపల మెలిపెట్టి బిగించిన స్ప్రింగు, రెండు చివర్లా గొట్టాన్ని మోసే లోహపు చేతులు. కొక్కెమున్న కడ్డీతో గొట్టం చివరనున్న మీటను విప్పే వైపుకు తిప్పి, గుడ్డకు వేలాడే పట్టీని పట్టుకుని వెనక్కి నడిస్తే పందిరి మనతోపాటే నడిచి వస్తుంది. ఆ తరువాత అడ్డకమ్ములు బిగించి, చేతుల్ని ఒక్కొక్కటిగా పైకి లేపి, ఎత్తు సరిచూసుకోవాలి. మన ట్రంకు రోడ్డు దుకాణాల షట్టరు చుట్టలో దాగి, పొద్దున్నే యజమాని భుజానికి బదులు తాను బరువు మోసే స్ప్రింగుకు ఇది తోబుట్టువు. గుడ్డను తిరిగి చుట్టేటప్పుడు సాయపడేది ఆ స్ప్రింగే. దాన్ని కదలకుండా బంధించకుండా గొట్టం చివరి మూత విప్పినవాడి వేళ్ళు విరిచేదీ ఆ స్ప్రింగే.

కరెంటు ఆనింగులో గొట్టాన్ని తిప్పడానికి ట్రైలరు బ్యాటరీ మీద నడిచే 12 వోల్టుల మోటారు ఉంటుంది. గోడనున్న స్విచ్చు నొక్కి పట్టుకుంటే నిమిషం తిరక్కుండా పందిరి తెరుచుకుంటుంది. చాలావాటికి ఎల్ఈడీ దీపాల వరుస కూడా ఉంటుంది. చేతి పందిరికైతే, చెయ్యి తిరిగినవాడికి కూడా రెండు మూడు నిమిషాలు పడుతుంది. రిసెప్షన్ ఏడింటికని శుభలేఖలో అచ్చు వేయించి తొమ్మిదిన్నరకు వేదిక ఎక్కే మనవారికి, ఎక్కడో టెక్సాసులో ఆదా కాబోయే రెండు నిమిషాలు ఇంత విలువైనవిగా తోచడం గమనార్హం.

చర్చ మొదలైన పూటే మూడు పక్షాలు ఏర్పడ్డాయి. మొదటిది నెల్లూరు టౌను పక్షం. స్విచ్చు తప్ప మరొక మాట వారు వినరు. బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో దిగి, రొట్టెల పండుగనాడు విదేశీ రొట్టె అందుకుని, కోరిక నెరవేరి, విమానమెక్కి, పాతికేళ్ళ ఉద్యోగం తరువాత చక్రాల ఇల్లు కొనుక్కునే స్థితికి వచ్చిన మనిషి మళ్ళీ ఎండలో నిలబడి పట్టీ లాగడమంటే ఆ రొట్టె పరువు ఏం కావాలన్నది వారి ప్రధాన వాదం. ఉద్యోగ రొట్టె, వివాహ రొట్టెల సరసన వచ్చే ఏడాదికి ఆనింగు రొట్టె కూడా మొదలైతే ఆశ్చర్యపోనక్కర్లేదని వారిలో ఒకరు గంభీరంగా అన్నారు. మోటారు పాడైతే కొత్తదానికి కొన్ని వందల డాలర్లు అవుతుందని తెలిసినప్పుడు మాత్రం, ఆ సంగతి అల్లుడు చూసుకుంటాడని తేల్చేశారు.

రెండోది ఒంగోలు పక్షం. దీనికి మామగారి బావమరిది నాయకుడు. ఒంగోలు గిత్తల్ని బ్రెజిలుకు తోలుకుపోతే అక్కడివాళ్ళు ఆ జాతికి నెలోర్ అని పేరు పెట్టుకున్నారన్న పాత బాధ ఒకటి ఆయన్ను ఇప్పటికీ వదల్లేదు గనుక, నెల్లూరువారు స్విచ్చు అన్న క్షణంలోనే ఆయన చేతి పందిరి వైపు నిలబడిపోయారు. కారణాలు తరువాత వెతుక్కున్నారు. వెతికితే దొరికిన కారణాలు మాత్రం బలమైనవే. చేతి ఆనింగుకు మోటారు లేదు, ఫ్యూజు లేదు, తీగలు లేవు. ధర తక్కువ, మరమ్మతు తేలిక. దాని చేతుల్ని ట్రైలరు గోడ నుంచి ఊడదీసి నేలమీద నిలబెట్టి మేకులు దిగ్గొట్టుకోవచ్చు. కరెంటు ఆనింగు సాధారణంగా గోడను పట్టుకుని వేలాడవలసిందే. “బ్యాటరీ దిగిపోతే ఏం జేస్తావు అబ్బయా? గుడ్డ బయట ఏలాడతా వుంటే నువ్వు స్విచ్చి తట్టు చూస్తా నిలబడతావా?” అని ఆయన ఫోను తెరమీది అల్లుడుగారిని నిలదీశారు. అల్లుడుగారు, “మీరు చెప్పింది కూడా ఆలోచించాల్సిందే బాబాయ్ గారూ” అని, ఎవరి మనసూ నొప్పించని రీతిలో తల ఊపారు. ఇరుపక్షాలూ దాన్ని తమకు అనుకూలమైన ఊపుగానే నమోదు చేసుకున్నాయి.

మూడోది కందుకూరు పక్షం. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు నెల్లూరు నుంచి అటు వెళ్ళి, 2022 పునర్వ్యవస్థీకరణలో అటునుంచి ఇటు వచ్చిన ఊరు గనుక, ఏ గీతనూ శాశ్వతమని నమ్మే అమాయకత్వం వారిలో మిగల్లేదు. స్విచ్చూ ఉండాలి, స్విచ్చు చచ్చిన రోజున చేత్తో చుట్టుకునే దారీ ఉండాలి అన్నారు. గోడమీది పిల్లి మాట అని మిగిలిన రెండు పక్షాలూ నవ్వాయి గానీ, మూడు రోజుల చర్చలోనూ కొనేవాడికి పనికొచ్చిన మాట అదొక్కటే. కొన్ని కరెంటు ఆనింగులకు మోటారు వైపున చిన్న మూత ఉంటుంది. దాన్ని తీసి, డ్రిల్లు మిషనుకు తగిన బిట్టు తగిలించి తిప్పితే గుడ్డ చుట్టుకుంటుంది. ఆ సదుపాయం లేని రకాల్లో నిచ్చెన వేసుకుని మోటారు బోల్టులు విప్పి, ఇద్దరు మనుషులు గొట్టాన్ని చేతుల్తో తిప్పుకోవాలి. కాబట్టి అమ్మేవాణ్ణి అడగవలసింది దీపాల రంగు గురించి కాదు, ఆ మూత ఎక్కడుందని. అల్లుడుగారు దీపాల రంగు గురించే అడిగినట్లు తరువాత తెలిసింది.

ఈ మధ్యలో మామగారికి మరొక ఆలోచన వచ్చింది. ట్రైలరును ఓడ మీద కృష్ణపట్నం రేవులో దించి, మైపాడు ఒడ్డున నిలిపి, ఆనింగు కింద కూర్చుని చేపల పులుసు తినాలన్నది వారి కోరిక. దిగుమతి నిబంధనల జోలికి ఈ వ్యాసం పోదు. అంతకన్నా ముందే ఒక ఆటంకం ఉన్నది. అమెరికాలో బండ్లు రోడ్డుకు కుడివైపున నడుస్తాయి గనుక, ట్రైలరు తలుపూ ఆనింగూ కూడా రోడ్డు అంచు తగిలే కుడి గోడకే ఉంటాయి. మనం ఎడమవైపు నడిచేవాళ్ళం. ఆ ట్రైలరును పదహారో నంబరు జాతీయ రహదారి పక్కన, కావలి దాటాక ఏ చింతచెట్టు దగ్గరో ఆపి స్విచ్చు నొక్కితే, ఎనిమిదడుగుల పందిరి చెట్టువైపు కాకుండా చెన్నై నుంచి కోల్‌కతా పోయే లారీల దారివైపు చాచుకుంటుంది. మొదటి లారీ డ్రైవరు కొత్త టోల్ గేటనుకుని ఆగవచ్చు. రెండో డ్రైవరు ఆగుతాడన్న భరోసా లేదు. ఈ ఒక్క సందర్భంలో స్విచ్చు పందిరికీ చేతి పందిరికీ ఏ తేడా లేదని మూడు పక్షాలూ ఏకగ్రీవంగా అంగీకరించాయి.

ఇక వాన. పదహారడుగుల పొడవు, ఎనిమిదడుగుల వెడల్పు ఉన్న గుడ్డ దాదాపు 12 చదరపు మీటర్లు. దాని మీద పడిన ఒక సెంటీమీటరు వాన జారిపోకుండా నిలిచిపోతే 120 లీటర్లు, అంటే 120 కిలోలు. పాతిక కిలోల బియ్యం బస్తాలు అయిదు తెచ్చి గుడ్డ నడుమ పెట్టినట్లే లెక్క. చేతి పందిరిలో ఒక చేతిని కిందికి దించి వాలు పెడితే నీళ్ళు ఆ మూలకు జారిపోతాయి. కరెంటు పందిళ్ళలో కొన్నింటికి, నీటి బరువుకు చెయ్యి తనంతట తానే వంగి, నీటిని ఒలకబోసి, మళ్ళీ లేచే ఏర్పాటు ఉంటుంది. కింద ఎవరు కూర్చున్నారన్నది దానికి సంబంధం లేని విషయం. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటడానికి ముందు మిచాంగ్ తుపాను మన తీరం పొడుగునా నడిచి పోయింది గనుక, వాన గురించి మనకు టెక్సాసు వాళ్ళు చెప్పవలసింది లేదని ఒంగోలు నాయకుడు అన్నారు. అది నిజమే. అయితే తడిసిన గుడ్డను చుట్టి అలాగే వదిలేస్తే బూజు పట్టి నల్లమచ్చలు వస్తాయని, ఎండ రాగానే మళ్ళీ తెరిచి ఆరబెట్టాలని చెప్పినప్పుడు, ఆ పని ఎవరు చేస్తారని అడిగిన ఏకైక వ్యక్తి వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్న అత్తగారు. ఆ ప్రశ్న సభా మర్యాదల ప్రకారం రికార్డుల నుంచి తొలగించబడింది.

అసలు చిక్కు గాలితో. ఒక అంచు గోడకు, మరో అంచు రెండు చేతులకు అప్పగించి విప్పిన గుడ్డ కిందికి గాలి దూరిందంటే, గుడ్డా గొట్టమూ చేతులూ కలిసి ట్రైలరు పైకప్పు మీదికి తిరగబడతాయి. పోతూ పోతూ గోడలోని మరల్ని కూడా పెకలించుకుపోతాయి. గాలి గంటకు 30 కిలోమీటర్లు దాటేలా ఉంటే చుట్టేయడమే మంచిదని వాడేవాళ్ళు అనుకునే మాట. గాలికి జరిగిన నష్టం సాధారణంగా వారంటీలోకి రాదు. దీనికి విరుగుడుగా గాలి సెన్సరు అనేదొకటి వచ్చింది. అది ముందు గొట్టం ఊగడాన్ని కనిపెట్టి మోటారుకు చెబుతుంది, మోటారు గుడ్డను చుట్టేస్తుంది. కానీ అది ఊగాకే చెబుతుంది, ఊగబోతున్నదని చెప్పలేదు. మోటారుకు చుట్టడానికి పట్టే సమయం హఠాత్తుగా వచ్చిపడే సుడిగాలికి అక్కర్లేదు. అందుకే సెన్సరు ఉన్నా సరే, పందిరిని తెరిచిపెట్టి ఊరిమీద పడవద్దని, పడుకోబోయే ముందు చుట్టుకోవాలని తయారీదారులే చెబుతారు. అంటే అర్ధరాత్రి ఈదురుగాలి లేస్తే చేతి పందిరివాడు లేచి మూడు నిమిషాలు తడుస్తాడు, స్విచ్చు పందిరివాడు లేచి ఒక నిమిషం గుమ్మంలో నిలబడతాడు. లేవడం మాత్రం ఇద్దరికీ తప్పదు. కుర్చీలోంచి లేవకుండా ఉండడానికే స్విచ్చుకు డబ్బు పెడుతున్నామని అప్పటిదాకా నమ్మిన నెల్లూరు పక్షం దీన్ని విశ్వాసఘాతుకంగా భావించింది.

మన ఇళ్ళల్లో ఈ సమస్యకు పరిష్కారం ఎప్పుడో దొరికింది. మిద్దె మీద వడియాలో ఊరమిరపకాయలో ఆరబెట్టిన రోజున తూర్పున మబ్బు పట్టగానే మెట్లెక్కి పరుగెత్తేది ఎవరో, అది కురిసే మబ్బా ఉత్త మబ్బా అని కింద కూర్చుని వాదించేది ఎవరో వేరే చెప్పక్కర్లేదు. బ్యాటరీ అవసరం లేనిదీ, గాలితోపాటు వానను కూడా ముందే పసిగట్టేదీ అయిన ఆ సెన్సరుకు ఇంతవరకు ఎవరూ పేటెంటు అడగలేదు.

ఇంతలో అల్లుడుగారు షోరూముకు వెళ్ళివచ్చారు. అక్కడ నిలబెట్టిన కొత్త ట్రైలర్లలో దాదాపు అన్నిటికీ కరెంటు ఆనింగే బిగించి ఉన్నదట. చేతి ఆనింగు కావాలంటే బాగా చిన్న రకమో, పాత ట్రైలరో చూసుకోవాలి, లేదా ఉన్నది ఊడబీకించి మార్పించుకోవాలి. మూడు రోజుల చర్చను ఇంత సులువుగా తోసిపుచ్చడం ఒంగోలు పక్షానికి నెల్లూరువారి కుట్రగా కనిపించింది. ఊడబీకించవలసిందేనని వారు పట్టుబట్టారు. తీర్పు చెప్పవలసిన ఈ వ్యాసకర్త, డ్రిల్లుతో తిప్పుకునే మూత ఉన్న కరెంటు ఆనింగు తీసుకొమ్మని, ఛార్జింగు పెట్టిన డ్రిల్లు ఒకటి ఎప్పుడూ ట్రైలరులో ఉంచుకొమ్మని, రాత్రిపూట గుడ్డ చుట్టేసి పడుకొమ్మని రాసి పంపాడు. ఆ కాగితాన్ని ఎవరూ పైకి చదవలేదు.

మూడు రోజులుగా వీడియో కాల్‌లో భర్త భుజం వెనక కూర్చుని, ఒక్క మాటా మాట్లాడకుండా కూరగాయలు తరుగుతున్న అమ్మాయిని, చివరికి తండ్రిగారు, “నీకేది ఇష్టం తల్లీ?” అని అడిగారు. “ఏదైనా ఒకటే నాన్నా. రాత్రిపూట గాలొస్తే లేచి చుట్టేది ఆయనేనని అందరి ముందూ చెప్పమనండి, చాలు” అన్నది ఆ అమ్మాయి. వరండాలో ఎవరో దగ్గారు. అల్లుడుగారు నెట్ సరిగా అందడం లేదని చెప్పి కాల్ కట్ చేశారు. పావుగంట తరువాత మామగారి వాట్సాపుకు గాలి సెన్సరు ఫొటో, దాని ధర వచ్చాయి.