అరుదైన సంగీతాన్ని దయచేసి అరుదుగానే ఉండనివ్వండి

స్వరకర్త నికొలాయ్ మెట్నర్ పియానోకు రాసిన సొనాటాలనే పెద్ద రచనలను ఎవరో కచేరీలో వాయించబోతున్నారని తెలిస్తే, అరుదైన పియానో సంగీతాన్ని వెతుక్కుని వినే మా వర్గానికి ముందు ఆనందం, వెంటనే టెన్షన్. ఈ రష్యన్ మహానుభావుడిని లోకం పట్టించుకోలేదని ఏళ్లుగా వాపోతున్నాం. రేపు నలుగురూ వినేస్తే మేం దేనికి వాపోవాలి?

ఈ అనర్థంలో మొదటి ముద్దాయి మైసూరు మహారాజు జయచామరాజేంద్ర ఒడెయార్. స్వయంగా కర్ణాటక కృతులు రచించినవారు, అక్కడితో ఆగొచ్చు కదా. లండన్‌లో ఆదరణ కరువై, ఆరోగ్యం దెబ్బతిన్న మెట్నర్ చేత 1940ల చివర్లో ఆయన రచనలను ఆయనే వాయించేలా రికార్డులకు డబ్బిచ్చారు. గద్వాల సంస్థానంలో పండితులకు వార్షికాలిచ్చినంత ధీమాగా! పియానోకు, ఆర్కెస్ట్రాకు కలిపి మెట్నర్ రాసిన మూడు కన్సర్టోలూ రికార్డయ్యాయి. మూడోది మహారాజుకే అంకితం. 1951లో మెట్నర్ పోయినా ఆ రికార్డులు పోలేదు. అదే మా బాధ.

1998 కల్లా కెనడా పియానిస్టు మార్క్-ఆండ్రే హామెలిన్ మెట్నర్ మొత్తం 14 సొనాటాలూ రికార్డు చేసి మిగిలిన పరువు తీశాడు. స్వరకర్త షోపాన్ ఎట్యూడ్‌ల (సాధన కోసం రాసే కష్టమైన చిన్న రచనల) మీద పియానిస్టు గొడోవ్‌స్కీ రాసిన 53 అధ్యయనాలనూ వదల్లేదు. వాటిలో కొన్ని ఎడమ చేతికి మాత్రమే. కళ్లు మూసుకుని వింటే రెండు చేతులనిపిస్తుంది కాబట్టి, ఇంత కష్టమూ చూసేవాళ్ల కోసమే అన్నమాట.

ఉత్తర జర్మనీలోని హుసుం కోటలో 1987 నుంచి అరుదైన పియానో రచనలకే ఏటా ఉత్సవం. ఏటా వినిపిస్తే ఇంకేం అరుదు? హాలు చిన్నది కావడం ఒక్కటే ఊరట.

మమ్మల్ని కాపాడుతున్నది కచేరీ నిర్వాహకులే. ఏ సీజన్ చూసినా మరో రష్యన్ స్వరకర్త రాఖ్‌మనినోవ్ రెండో కన్సర్టో. ఆయన నాలుగోదాన్ని మెట్నర్‌కు అంకితమిచ్చాడు, అది రెండు, మూడు కన్సర్టోలంతగా మోగదు. అంకితం మహిమ అలాంటిది.

అయినా మెట్నర్‌ను వాయించి తీరతామనే పియానిస్టులకు ఒక మనవి. పేరు చెప్పకుండా, కచేరీ చివర అదనంగా వాయించండి. పక్క సీటాయన వైపు వంగి "మెట్నర్" అని గుసగుసలాడే అవకాశం మాకు దక్కుతుంది. "నాకూ తెలుసు" అని ఆయన అన్నాడా, మెట్నర్‌ను ఆయనకే వదిలేస్తాం. స్వరకర్త ఫ్రాంజ్ లిస్ట్ తన ఎట్యూడ్‌లలో ముట్టుకోకుండా వదిలేసిన శ్రుతుల్లో 12 ఎట్యూడ్‌లు రాసిన రష్యన్ ల్యపునోవ్ ఇంకా ఖాళీగానే ఉన్నాడు.