సెట్టు కొన్నారు సరే, ఫ్రీక్వెన్సీ ఎవరిది?

ఈ మధ్య తిరుపతిలో ఒక పెళ్లికి వెళ్లాను. భోజనాల దగ్గర పర్యవేక్షకుడు వాకీటాకీని నోటి దగ్గర పెట్టుకుని, ‘రెండో బంతి కూర్చుంది, సాంబారు పంపండి’ అన్నాడు. జవాబు వంటశాల నుంచి రాలేదు. ‘లోడు ఇక్కడే దించాలా, ముందుకు పోవాలా?’ అని అదే ఫ్రీక్వెన్సీలో మాట్లాడుతున్న ఇంకెవరిదో గొంతు. అందరం నవ్వాం. లైసెన్సు ఉందా అని అడిగితే, ‘బిల్లు ఉందండీ’ అన్నాడు. ఆన్‌లైన్‌లో కొన్నారట.

బిల్లుతో సొంతమయ్యేది సెట్టు మాత్రమే. అది మాట్లాడే ఫ్రీక్వెన్సీని కేటాయించేది కేంద్ర టెలికాం శాఖలో రేడియో తరంగాల వ్యవహారాలు చూసే డబ్ల్యూపీసీ విభాగం. 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టమైతే లైసెన్సు లేకుండా సెట్టు దగ్గర ఉంచుకోవడాన్నే నిషేధించింది. 2023లో కొత్త టెలికాం చట్టం వచ్చినా అనుమతి అవసరం పోలేదు. 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య తక్కువ శక్తితో పనిచేసే సెట్లకు లైసెన్సు మినహాయింపు ఉంది. వాటికీ ఈటీఏ, అంటే ఆ రకం పరికరానికి ప్రభుత్వం ఇచ్చే ఆమోద ధ్రువీకరణ మాత్రం తప్పదు.

కల్యాణ మండపానికి ఆ మినహాయింపు చాలు. కొండకు చాలదు. ఈ సెట్ల రేడియో తరంగాలు దాదాపు కంటిచూపు సాగినంత మేరే సాగుతాయి. అలిపిరి మెట్ల దారిలో ఒక మలుపు తిరిగి, మధ్యలో కొండ అడ్డం వచ్చిందంటే మాట తెగిపోతుంది. అక్కడ ఎత్తున రిపీటర్, అంటే మాటను అందుకుని మళ్లీ ప్రసారం చేసే పరికరం కావాలి, దానికి లైసెన్సు కావాలి. సెల్‌ఫోన్ ఉందిగా అనేవారు గరుడ సేవ రాత్రి మాడవీధుల్లో ఒకసారి ఫోను కలిపి చూడాలి. పైగా ఫోనులో ఒకరికి చెప్పి మరొకరికి చేసే లోపు జనం కదిలిపోతారు. సెట్టులో మీట నొక్కితే మాట అందరికీ ఒకేసారి చేరుతుంది. 2025 జనవరిలో వైకుంఠద్వార దర్శనం టోకెన్ల దగ్గర తొక్కిసలాటలో ఆరుగురు చనిపోయిన ఊరు ఇది. దానికి సెట్లే కారణమని అనడం లేదు. గేటు తెరవాలా వద్దా అనే మాటకు మాత్రం ఇంకెవరి గొంతూ అడ్డు రాకూడదు. లైసెన్సును వట్టి కాగితాల తంతు అనుకోలేకపోవడానికి నాకున్న కారణం ఇదే.

అయితే భారం ఎవరి మీద వేయాలి? ముందు అమ్మేవారి మీద. ఫ్రీక్వెన్సీ, ధ్రువీకరణ వివరాలు చెప్పకుండా ఆన్‌లైన్‌లో వాకీటాకీలు అమ్మకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2025 మేలో మార్గదర్శకాలు ఇచ్చింది. పెళ్లిలో ఆ సెట్టు తిప్పి చూశాను. వెనక చీటీ మీద 5 వాట్లు అని ఉంది, ఫ్రీక్వెన్సీ ఊసే లేదు. అమ్మినవారు దాచిన సంగతికి పర్యవేక్షకుణ్ణి బోనెక్కించడం న్యాయం కాదు.

రెండో పని ప్రభుత్వానిది. యాంటెన్నా ఎత్తు, అక్షాంశ రేఖాంశాలు అడిగే దరఖాస్తు చూస్తే లాడ్జి యజమానికి, సేవా బృందానికి కళ్లు తిరుగుతాయి. తిరుపతి లాంటి యాత్రాస్థలానికి కొన్ని ఫ్రీక్వెన్సీలు ముందే కేటాయించి, సాంకేతిక వివరాలన్నీ తామే నింపి పెట్టుకుని, బ్రహ్మోత్సవాల తొమ్మిది రోజులకు ఒక పేజీ దరఖాస్తుతో కలెక్టరేట్‌లోనే అనుమతి చేతికిచ్చే ఏర్పాటు చేయవచ్చు.