రాబందు చచ్చాకే నిషేధమా?

బర్రెకు వేసిన నొప్పుల సూదికీ ఊళ్లో మనుషుల చావులకూ లంకె ఉందంటే ఎవరైనా నవ్వేవారు. ఆ లంకెను 2024లో ఇయల్ ఫ్రాంక్, అనంత్ సుదర్శన్ అనే ఆర్థికవేత్తలు లెక్కగట్టారు. మన దేశంలో రాబందులు ఒకప్పుడు మెండుగా తిరిగిన జిల్లాల్లో, అవి కనుమరుగయ్యాక మరణాల రేటు 4 శాతానికి పైగా పెరిగింది. 2000-2005 మధ్య అదనంగా పోయిన ప్రాణాలు సుమారు 5 లక్షలని వారి అంచనా. అంకె మీద వాదించుకోవచ్చు గానీ, కారణాల్లో వింతేమీ లేదు. రాబందులు తినేస్తే గంటలోపే మాయమయ్యే కళేబరం రోజుల తరబడి కుళ్లింది, నీళ్లు చెడ్డాయి, వీధికుక్కలు పెరిగాయి, కుక్కకాటు టీకాల అమ్మకాలూ పెరిగాయి.

హంతకి డైక్లోఫెనాక్ అనే నొప్పుల మందని 2004లోనే తేలింది. పొదుగువాపుకో, కుంటుకో ఈ సూది వేయించుకున్న పశువు రెండు మూడు రోజుల్లో చనిపోతే మందు అవశేషం కాలేయంలో, మూత్రపిండాల్లో మిగులుతుంది. దాన్ని తిన్న రాబందు మూత్రపిండాలు పనిచేయడం మానేస్తాయి. యూరిక్ ఆమ్లం గుండె మీద, కాలేయం మీద సున్నం పూసినట్టు తెల్లగా పేరుకుంటుంది. జాతి కూలిపోవడానికి నూటికి ఒక్క కళేబరం విషమైనా సరిపోయేది. నిషేధానికి ముందు జరిపిన సర్వేలో పదింటికి ఒకటి దాకా అలాంటివే దొరికాయి. ఏడాదికి ఒక్క గుడ్డు పెట్టే పక్షి ఆ దెబ్బకు ఎలా తట్టుకుంటుంది? తెల్లవీపు రాబందుల్లో వెయ్యికి ఒకటి మిగిలింది.

2006లో పశువులకు డైక్లోఫెనాక్ తయారీని ఆపారు. మనుషుల కోసమని వచ్చే పెద్ద సీసాలు పశువులకు మళ్లుతుండటంతో 2015లో సీసాను 3 మిల్లీలీటర్లకు కుదించారు. అందులో ఉండేది 75 మిల్లీగ్రాములు. కిలోకు ఒక మిల్లీగ్రాము చొప్పున 300 కిలోల పశువుకు నాలుగు సీసాలు పగలగొట్టాలి. ఇబ్బందే, అసాధ్యం మాత్రం కాదు.

ఇంకా విడ్డూరం ఎసిక్లోఫెనాక్ అనే మరో నొప్పుల మందు సంగతి. అది పశువు ఒంట్లోకి వెళ్లగానే డైక్లోఫెనాక్‌గా మారుతుంది. డైక్లోఫెనాక్‌ను నిషేధించిన 17 ఏళ్లకు, అంటే 2023లో, కీటోప్రొఫెన్‌తో పాటు దీన్ని నిషేధించారు. నిమెసులైడ్ వంతు 2024 చివర్లో వచ్చింది. ప్రతిసారీ వరస ఇదే: మందు అంగట్లోకి వస్తుంది, పక్షి చస్తుంది, శాస్త్రవేత్తలు రుజువు చూపుతారు, ఏళ్లు గడిచాక ఉత్తర్వు వెలువడుతుంది. రుజువు భారం పక్షి మీద పడుతోంది. దాన్ని కంపెనీ మీదకు మార్చాలి. పశువులకు ఏ కొత్త నొప్పుల మందుకు అనుమతి అడిగినా, రాబందుకు హాని లేదని ముందే చూపించాకే లైసెన్సు ఇవ్వాలన్నది మా పట్టు.

మందు లేకుండా రైతును ఉండమనడం లేదు. మెలోక్సికామ్ రాబందులకు సురక్షితమని 2006లోనే పరీక్షించి తేల్చారు. టోల్ఫెనమిక్ ఆమ్లం కూడా వాటికి సురక్షితమే. మెలోక్సికామ్ మోతాదు కిలోకు అర మిల్లీగ్రాము. అదే 300 కిలోల పశువుకు 150 మిల్లీగ్రాములు కావాలి, మిల్లీలీటరుకు 5 మిల్లీగ్రాములుండే రకమైతే 30 మిల్లీలీటర్లు. చిక్కంతా ఇక్కడే. మనుషుల డైక్లోఫెనాక్ నాలుగు సీసాలతో, అంటే 12 మిల్లీలీటర్లతో పని ముగుస్తుంటే అంత సూది ఎవరు ఎక్కిస్తారు? సగం వేసి, ‘ఇది పనిచేయదు’ అనేస్తారు. గాఢత ఎక్కువున్న రకాలను మండల పశువైద్యశాలల్లో ఉచితంగా ఇస్తే, ఊళ్లలో పశువులకు సేవలందించే గోపాలమిత్రల చేతికి అందిస్తే సగం సమస్య తీరుతుంది.

కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా పాలరాపు గుట్ట మీద 2013లో పొడుగు ముక్కు రాబందులు కనిపించినప్పుడు అటవీ శాఖ వాటికి కాపలా పెట్టింది. గుట్టకు కాపలా అవసరమే. కానీ రాబందు మేతకు రోజుకు పదుల కిలోమీటర్లు పోతుంది. ఆ పరిధిలోని మందుల దుకాణాల్లో రసీదు లేకుండా డైక్లోఫెనాక్ సీసాలు ఎన్ని అమ్ముడవుతున్నాయో చూడాల్సింది ఔషధ నియంత్రణ శాఖ. ఆ తనిఖీలు ఎన్ని జరిగాయో, ఎన్ని కేసులు పెట్టారో రెండు తెలుగు రాష్ట్రాలూ జిల్లాల వారీగా ఏటా ప్రకటించాలి.